చెవిలో మాగ్నోలియా

“మూడేళ్లండీ! మూడేళ్లపాటు రాణిగారు రాజుగారితో ఒక్క ముక్క మాట్లాడలేదు,” అన్నాను మైకులో, బ్యాటరీ బండిని మెల్లగా మలుపు తిప్పుతూ. “అప్పుడు రాజుగారు ఏం చేశారు? నగలు తెచ్చారా? లేదు. ఏడు సముద్రాల అవతల నుంచి ఇదిగో, ఈ మాగ్నోలియా మొక్కని తెప్పించారు. తన చేత్తో నాటారు. మొదటి పువ్వు విచ్చిన రోజు పొద్దున్నే రాణిగారు కిటికీ తెరిచి...”

“ఏ రాజు?”

గొంతు ఆఖరి సీట్లోంచి వచ్చింది.

“పూర్వకాలం రాజండీ,” అన్నాను వెనక్కి చూడకుండా. ఇలాంటివాళ్లు వారానికొకరు తగులుతారు.

“ఈ చెట్టు నాటి పదకొండేళ్లయింది. నర్సరీ లారీలో వచ్చింది. ఆఫీసు రిజిస్టర్లో తారీఖుతో సహా ఉంది. పదకొండేళ్ల క్రితం లారీ దిగిన రాజెవరు?”

బండిలో ఉన్న పన్నెండు మందీ ఒకేసారి నవ్వారు. నా జోకుకి నవ్వినట్టు కాదు. నన్ను చూసి నవ్వినట్టు. తేడా నాకు తెలుసు, ఆరేళ్ల సర్వీసు.

అద్దంలో చూశాను. జుట్టు ముడిలో గుచ్చిన పెన్సిలు, ఒళ్లో స్క్రూడ్రైవరు, నామీద గురిపెట్టిన రెండు కళ్లు. ఆ మూడింట్లో ఏది ఎక్కువ పదునో చెప్పలేను.

“మరి రాణిగారు మాట్లాడిందా?” అని ముందు సీట్లో ఒక పెద్దావిడ ఆత్రంగా అడిగింది.

“ఆవిడ మాట్లాడకపోయినా ఫర్వాలేదండీ,” అన్నాను. “ఆవిడ తరఫున మాట్లాడేవాళ్లు వెనక సీట్లో ఉన్నారు.”

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. బొటానికల్ గార్డెన్‌లో జనాన్ని బండెక్కించుకుని చుట్టూ తిప్పి చూపిస్తాను. తిప్పుతూ మైకులో మాట్లాడతాను. తోటలో అందరూ నన్ను ‘రేడియో’ అంటారు, ఆపే బటన్ లేదని. చెట్ల గురించి నాకు తెలిసింది మూడు ముక్కలు: ఆకులుంటాయి, నీళ్లు పోయాలి, కింద కారు పెడితే పిట్టలు రెట్టేస్తాయి. మిగతాదంతా సొంత కవిత్వం. ఆరేళ్లలో నేను జనం చెవుల్లో పెట్టిన పువ్వులు తోటలో పూసినవాటికంటే ఎక్కువే ఉంటాయి.

ఆ అమ్మాయి కొత్తగా చేరిన లేబుల్ ఆఫీసరు. తోటలోని ప్రతి చెట్టు పేరూ సరిచూసి, తప్పుగా ఉన్న పేరు రేకు పీకేసి, సరైన రేకు బిగించడం ఆమె పని. రేకుల కంటే ముందు నన్ను పీకేయాలని నిర్ణయించుకుందని, మర్నాడు సూపరింటెండెంట్ గారి గదిలోకి పిలిచాక అర్థమైంది.

సూపరింటెండెంట్ గారు కుండీలో పెంచిన మొక్కలాంటి మనిషి. గది దాటి బయటికి రారు. కిటికీ పక్కన కూర్చుని, ఎండ ఎటుంటే అటు తిరుగుతారు.

“ఒక్క ట్రిప్పులో పద్నాలుగు తప్పులు సార్,” అంది లేబుల్ మేడమ్, కాగితం చూపిస్తూ. “ఇతను విల్లో చెట్టుని కొబ్బరికి చిన్నాన్న కూతురు అన్నాడు.”

“పోలికలున్నాయి సార్,” అన్నాను.

ఆయన కాగితం చదివారు. ఆరో తప్పు దగ్గర నవ్వాపుకోలేక దగ్గారు. “చూడమ్మా, ఇతను లేకపోతే బండెక్కేవాళ్లుండరు. ఇతను ఇలాగే ఉంటే మన పరువుండదు. అందుకని ఈ వసంతమంతా మీరిద్దరూ ఒకే బండిలో వెళ్లండి. అతను చెప్తాడు, మీరు దిద్దండి.”

“సార్, నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి, అదే నయం,” అన్నాను.

“సార్, నాకు ఎనిమిది వందల లేబుళ్ల పనుంది,” అంది ఆమె.

“ఎనిమిది వందలా ఒకటి,” అన్నారు ఆయన నావైపు చెయ్యి చూపించి, ఎండవైపు కుర్చీ తిప్పుకున్నారు.

*

అలా మొదలైంది.

“ఈ విల్లో ఎందుకు తల దించుకుందో తెలుసా అండీ? ప్రేమలో ఓడిపోయింది.”

“కొమ్మలు సన్నగా, మెత్తగా ఉంటాయి. బరువుకి వంగుతాయి. అంతే.”

“చూశారా? అందుకే ఓడిపోయింది. దానికీ ఇలాంటి అమ్మాయే దొరికింది.”

జనం పడిపడి నవ్వేవాళ్లు. మూడోరోజుకల్లా మా బండికి వరుస మొదలైంది. టికెట్ కౌంటరులో కూర్చునే అక్క, “ఏరా రేడియో, ‘ఆ మొగుడూ పెళ్లాలు పోట్లాడుకునే బండి ఎన్నింటికి’ అని అడుగుతున్నారు, ఏం చెప్పమంటావు?” అంది. ఆ మాట లేబుల్ మేడమ్ చెవిన పడింది. చెవులు చెర్రీ పూల రంగుకి తిరిగాయి. ఆ రంగుకి మాత్రం ఆమె ఏ లేబులూ వెయ్యలేదు.

మాగ్నోలియాల బాట దగ్గర బండి ఆపేవాళ్లం. అవి అప్పుడే పూస్తున్నాయి. ఒక్క ఆకు లేని కొమ్మల మీద చెయ్యంత పూలు. బట్టలు మరిచిపోయి నగలు మాత్రం వేసుకుని పెళ్లికొచ్చినట్టుండేవి. ఈ పోలిక నేను మైకులో చెబితే ఒక మాస్టారు తన విద్యార్థుల చెవులు మూశారు.

“ఈ చెట్టు భూమ్మీదికి వచ్చేనాటికి తేనెటీగలే లేవు,” అని చెప్పేది ఆమె. “పెంకుపురుగులు వచ్చి వాలేవి. ఇప్పటికీ వాలతాయి.”

“అంటే పాపం, పురుగులతోనే సర్దుకుందా?”

“తప్పదు కదా. మంచివాళ్లు వచ్చేదాకా ఎవరో ఒకరితో సర్దుకోవాలి,” అంది నన్నే చూస్తూ.

ఇంకోరోజు, “మాగ్నోలియా మొగ్గలు విచ్చేముందు ఉత్తరానికి వంగుతాయి,” అంది.

నేను మైకు పక్కన పెట్టాను. “నాకేనా? కోతలు కోసేవాడి దగ్గరే కోతలా?”

“నిజం. దక్షిణం వైపు ఎండ తగిలి తొందరగా పెరుగుతుంది, అందుకని కొన ఉత్తరానికి తిరుగుతుంది.”

“పందెం. ఓడినవాళ్లు ఒక ట్రిప్పంతా నోరు తెరవకూడదు.”

ఫోన్లో దిక్సూచి తీసి చెట్టు చెట్టుకీ తిరిగాం. మొగ్గలన్నీ బుద్ధిగా ఉత్తరానికే చూస్తున్నాయి, మాస్టారు పిలిస్తే తలలు తిప్పిన పిల్లల్లా. నేను ఓడిపోయాను.

మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పు నోరు కుట్టుకుని నడిపాను. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయన, “డ్రైవరుకి పంటినొప్పా?” అని అడిగాడు. సగం దారిలో ఆమె ముందుకి వంగి నా భుజం మీద పెన్సిలుతో పొడిచింది.

“ఏదో ఒకటి చెప్పు. నువ్వు ఇంత నిశ్శబ్దంగా ఉంటే చెట్లకి కూడా అనుమానం వస్తుంది.”

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయిందని మధ్యాహ్నం టీ తాగేటప్పుడు గానీ గమనించలేదు. గమనించాక కప్పులో ఈగ పడినా తాగేశాను.

*

ఒక శుక్రవారం ట్రిప్పులు అయిపోయాక, “నీకొకటి చూపిస్తాను. కానీ నోరు మూసుకుని చూడాలి,” అంది.

మొక్కలు పెంచే గాజు ఇంటి వెనక, నారుమళ్లు దాటాక, ఎవరూ వెళ్లని మూల ఒక పడుచు మాగ్నోలియా ఉంది. నాకంటే రెండింతలు ఎత్తు. దాని పేరు రేకు మీద రెండే మాటలు: ‘పేరు తెలియదు’.

“ఇదేం లేబుల్? నేను రాసినట్టుంది,” అన్నాను.

“పువ్వు చూడందే పేరు పెట్టలేం. ఇది గింజ నుంచి పెంచిన చెట్టు. మా తాతయ్య ఇక్కడే నలభై ఏళ్లు నారు పెంచాడు. పసుపు మాగ్నోలియానీ, ఊదా మాగ్నోలియానీ కలిపి తీసిన గింజ ఇది. రిటైరయ్యే ఏడాది నాటాడు. రాగి రంగు పువ్వు వస్తుందని ఆయన ఆశ. అలాంటిది ఆయనెక్కడా చూడలేదట. పద్నాలుగేళ్లయింది. ఒక్కసారీ పుయ్యలేదు.”

“ఈ ఏడు?”

ఆమె వేలు పైకెత్తి చూపించింది. కొమ్మల చివర్లలో నూగు కోటు తొడుక్కున్న మొగ్గలు. నేను లెక్కపెట్టాను. పదకొండు.

“కోట్లు చిట్లుతున్నాయి. రేపో ఎల్లుండో మొదటిది విచ్చుతుంది. సోమవారం తోటకి సెలవు కదా, జనం ఉండరు. తాతయ్యని తీసుకొస్తాను. ఆయన కళ్లు మసకబారుతున్నాయి. వచ్చే ఏడాదికి ఎంత కనిపిస్తుందో తెలీదు.” కాండం మీద చెయ్యి వేసి, “నేను ఈ ఉద్యోగంలో చేరిందే దీనికోసం. ఎవరికీ చెప్పకు,” అంది.

“నా నోటికి తాళం,” అన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను.

*

శనివారం బండి నిండా ప్రేమికుల జంటలే. ఎండ, గాలి, రాలుతున్న చెర్రీ పూరేకలు. వెనక సీట్లో ఆమె, జుట్టు ముడిలో పెన్సిలు పక్కన ఒక పూరేక ఇరుక్కుంది. ఆమెకి తెలీదు. అద్దంలో నాకు తెలుసు. ఆ అద్దం వెనక వచ్చే బళ్లని చూడటానికి పెట్టింది. పది రోజులుగా దాన్ని నేను ఏ వైపుకి తిప్పి ఉంచానో మీకు చెప్పక్కర్లేదు.

అలాంటప్పుడు మనిషి నోరు వాడి అదుపులో ఉండదు. నాది మామూలుగానే ఉండదు.

“జంటలందరికీ ఒక రహస్యం చెప్తున్నా,” అన్నాను మైకులో. “విచ్చని మాగ్నోలియా మొగ్గని ఇద్దరూ కలిసి తుంచి, చెరో సగం దాచుకుంటే, వచ్చే వసంతంలోపు పెళ్లి ఖాయం. ఇంతవరకు తప్పలేదు. కావాలంటే మా లేబుల్ మేడమ్‌ని అడగండి. ఏం మేడమ్?”

అందరూ వెనక్కి తిరిగారు. నేను అద్దంలో చూస్తూ, ‘పెళ్లికి మొగ్గలతో సంబంధం లేదు’ అనే మాటకి ఎదురుచూశాను. దానికి జవాబు కూడా సిద్ధంగా ఉంచుకున్నాను.

ఆమె ఏమీ అనలేదు. నవ్వింది. అద్దంలో నా కళ్లలోకి చూసి, పెదవి కొరుక్కుని నవ్వి, తల పక్కకి తిప్పుకుంది.

నేను ఆ ట్రిప్పంతా బండిని నేలకి రెండడుగులు పైన నడిపాను.

ముందు సీట్లో కుర్రాడెవడో ఆ మాటలన్నీ ఫోన్లో వీడియో తీశాడు. అది రాత్రికి రాత్రి ఊరంతా తిరిగింది. ఆదివారం గేటు దగ్గర వరుస వీధి మలుపు దాకా ఉంది. అన్నీ జంటలే. నా ప్రతిభకి నేనే మురిసిపోతూ ఆరు ట్రిప్పులు కొట్టాను. ఆదివారం ఆమెకి సెలవు. రేపు కలిస్తే ఎలా గొప్పలు చెప్పుకోవాలో కూడా అనుకున్నాను. ఒక్కటి మాత్రం అనుకోలేదు. బాట పక్కన ఉన్న పెద్ద మాగ్నోలియాలన్నీ ఈపాటికే విచ్చేశాయి. మిగిలిన మొగ్గలు చేతికందనంత ఎత్తున ఉన్నాయి. తోట మొత్తంలో అందే ఎత్తున విచ్చని మొగ్గలున్న మాగ్నోలియా ఒక్కటే.

మూడింటికి మాలి అన్న బండికి అడ్డంగా వచ్చి ఆపాడు. ఆయన గొంతు మామూలుగా లేదు. “రేడియో, గాజు ఇంటి వెనక్కి రా. ఆ పిల్లకి ఫోన్ చేశాను. వస్తోంది.”

నేను వెళ్లేసరికి చెట్టు కింద నేల నిండా నూగు తొడుగులు, తొక్కేసిన రేకలు. ఒక కొమ్మ విరిగి బెరడు పట్టుకుని వేలాడుతోంది. రాలిన రేకలు పచ్చి ఆకుపచ్చగా ఉన్నాయి. పచ్చి మొగ్గ తన రంగు ఎవరికీ చెప్పదు.

ఆమె పరుగున వచ్చి ఆగింది. ఏడవలేదు. కింద పడ్డవి ఒక్కొక్కటే ఏరి దోసిట్లో పెట్టుకుంది. తర్వాత తలెత్తి చూసింది. శిఖరాన, ఎవరి చెయ్యీ అందని చోట, ఒకే ఒక్క మొగ్గ.

“నేను... దీని గురించి అనుకోలేదు,” అన్నాను. “ఒట్టు.”

“అనుకోలేదు. నువ్వు మాట్లాడే ముందు ఏది అనుకున్నావు గనక?”

“సూపరింటెండెంట్ గారికి చెప్పు. నన్ను తీసేస్తారు.”

“నిన్ను తీసేస్తే ఇవి తిరిగి అతుక్కుంటాయా?” ఆమె దోసిలి చూపించింది. “తాతయ్య చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు, రేపటికని. వద్దు, రావద్దు అని ఇంటికెళ్లి నేను చెప్పాలి. ఆయన ఎందుకని అడుగుతాడు. అప్పుడేం చెప్పాలో నువ్వు చెప్పు, నీకు బాగా వచ్చు కదా.”

నాకు ఒక్క అబద్ధం కూడా తట్టలేదు. ఆరేళ్లలో మొదటిసారి.

*

మా అమ్మకి బట్టలు సరిచేసే చిన్న షాపుంది. ఆ సాయంత్రం మిషన్ పక్కన స్టూల్ మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. అమ్మ కాలు ఆపకుండా కుడుతూ విన్నది.

“చిన్నప్పుడు స్కూల్లో నువ్వు అబద్ధమాడితే నేనొచ్చి టీచరుకి క్షమాపణ చెప్పాను. ఇప్పుడు చెట్టుకి కూడా నేనే చెప్పాలా?”

“అమ్మా, ప్లీజ్.”

“ఆ పిల్ల నిన్ను తిట్టిందా?”

“సరిగ్గా తిట్టలేదు కూడా.”

అమ్మ కాలు ఆగింది. “తిట్టలేదా? అయితే గట్టిగానే తగిలిందిరా దానికి.” అరలోంచి పల్చటి నెట్ గుడ్డ ముక్క తీసింది. “ఆ మిగిలిన మొగ్గ ఎంతుంటుంది? చేత్తో చూపించు.”

సోమవారం పొద్దున తోటలో ఎవరూ లేరు. షెడ్డులోంచి పెద్ద నిచ్చెన మోసుకొచ్చి ఎక్కాను. మొగ్గకి అమ్మ కుట్టిన సంచి తొడిగి, తాడు వదులుగా బిగించాను, పిట్టలు పొడవకుండా, వేళ్లు తగలకుండా, లోపల విచ్చడానికి చోటుండేలా. దిగి చూస్తే ఆమె గాజు ఇంటి మూల నిలబడి ఉంది. నేను నోరు తెరిచేలోపు వెళ్లిపోయింది. సంచి మాత్రం విప్పలేదు.

మంగళవారం జంటలు మళ్లీ వచ్చారు. వెనక సీటు ఖాళీ. నేను మైకు తీసుకున్నాను.

“ముందుగా ఒక మాట. శనివారం నేను చెప్పింది పచ్చి అబద్ధం. మొగ్గ తుంచితే పెళ్లి కాదు. మొగ్గ తుంచితే పువ్వు రాదు. అంతే. ఆ మాట నమ్మి జనం ఒక చెట్టుని పాడుచేశారు. తప్పు వాళ్లది కాదు, నాది.”

మూడో వరుసలో ఒక కుర్రాడు మెల్లగా చెయ్యెత్తాడు. “అన్నా, మేం ఆదివారమే తుంచేశాం. చెరో సగం పర్సులో ఉంది. ఇప్పుడెలా?”

“పెళ్లి చేసుకోండి. కనీసం నా మాటైనా నిలబడుతుంది.”

అదొక్కటే నవ్వు ఆ రోజంతా. మిగతా ట్రిప్పంతా ఆమె చెప్పేవే గుర్తు చేసుకుని చెప్పాను: పెంకుపురుగులు, ఉత్తరం, విల్లో కొమ్మల బరువు. దిగేటప్పుడు ఒక ముసలావిడ, “నిజాలు చెప్పడానికి నువ్వెందుకు నాయనా, బోర్డులున్నాయి కదా,” అని నిట్టూర్చింది. అన్ని ట్రిప్పుల్లోనూ అదే చెప్పాను. సాయంత్రానికి బండి సగం ఖాళీ అయింది.

*

బుధవారం మధ్యాహ్నం వాన. వాన అంటే చినుకులు కాదు. ఆకాశానికి ఏదో గొడవ ఉండి తోటమీద తీర్చుకుంటున్నట్టు. గాలికి చెర్రీ రేకలు బురదలో అతుక్కుపోయాయి. పెద్ద మాగ్నోలియాలు తడిసిన రుమాళ్లలా తయారయ్యాయి. ట్రిప్పులు రద్దు. నేను టికెట్ అక్క గొడుగు లాక్కుని, నిచ్చెన భుజాన వేసుకుని గాజు ఇంటి వెనక్కి పరిగెత్తాను.

శిఖరాన సంచి గాలికి అల్లాడుతోంది. నిచ్చెన ఎక్కి, ఒక చేత్తో కొమ్మ కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో దానిమీద గొడుగు పట్టాను. నేను మాత్రం హాయిగా తడిశాను.

ఎంతసేపయిందో తెలీదు. కింద నుంచి గొంతు.

“దిగు.”

రెయిన్‌కోటు టోపీలోంచి రెండే కళ్లు కనిపిస్తున్నాయి.

“దిగను.”

“జారి పడతావు.”

“పడితే పేపర్లో వేస్తారు. ‘మొగ్గ కోసం ప్రాణాలొడ్డిన యువకుడు’. నువ్వు దానికి లేబుల్ తగిలిద్దువుగాని.”

“ఆ ‘యువకుడు’ దగ్గరే దిద్దుతాను,” అంది. కానీ దగ్గరికొచ్చి, నిచ్చెన కాళ్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

నేను గొడుగుని గాలి వచ్చే వైపుకి తిప్పాను.

“తాతయ్యకి ఏం చెప్పావు?” అన్నాను.

“నిజమే చెప్పాను. పదకొండులో పది పోయాయని. నీ గురించి కూడా.”

“తిట్టారా?”

“‘ఒకటుంది కదా, చాలు. చూడటానికి నాకున్నవి రెండు కళ్లే’ అన్నాడు.” ఆమె తలెత్తి నన్ను చూసింది. “నిన్న బాట పక్కన నిలబడి నువ్వు మైకులో చెప్పింది విన్నాను. తప్పు నీ ఒక్కడిదే అన్నావు. కాదు. నేనూ ఉన్నాను.”

“నువ్వేం చేశావు?”

“ఏమీ చెయ్యలేదు, అదే. నువ్వు చెప్పే ప్రతి కోతకీ అడ్డం పడేదాన్ని. ఆ ఒక్కదానికీ పడలేదు. ‘కాదు’ అని ఒక్క మాట అనుంటే ఇదేదీ జరిగేది కాదు.”

“మరెందుకు అనలేదు?”

“నువ్వే ఆలోచించుకో.”

“నిచ్చెన మీద బుర్ర పనిచెయ్యట్లేదు.”

“కింద ఉన్నప్పుడు పనిచేసినట్టు!”

వాన తగ్గేసరికి సాయంత్రమైంది. చేతులు కొయ్యబారిపోయాయి. నాకు జలుబు, ఆమెకి తుమ్ములు. సంచిలో మొగ్గ మాత్రం పొడిపొడిగా, నూగు కోటు నిలువునా చీల్చుకుని, ఒళ్లు విరుచుకోవడానికి సిద్ధంగా ఉంది.

*

గురువారం పొద్దున తోట తెరవకముందే తాతయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తలకి మించిన టోపీ, గోళ్ల కింద ఇప్పటికీ పోని మట్టి. బండి ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టాను. ఆమె వెనక కూర్చుంది.

“నువ్వేనా రేడియోవి?” అన్నాడు.

“అవునండీ.”

“నా చెట్టు పీకించింది నువ్వేనా?”

“మొగ్గలండీ. పది.”

“లెక్క కూడా పెట్టుకున్నాడు దొంగ!” అన్నాడు మనవరాలి వైపు తిరిగి. ఆ గొంతులో కోపం ఎంతో, సరదా ఎంతో తేల్చుకోలేక నేను బండి నడపడం మీద దృష్టి పెట్టాను.

ఆయన్ని చెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టాం. నేను నిచ్చెనెక్కి సంచి ముడి విప్పాను. ఎండ నేరుగా తగిలింది. పువ్వు పూర్తిగా విచ్చుకుని ఉంది.

తెలుపు. అడుగున ఎక్కడో లేత గులాబీ మరక. అంతే. మాగ్నోలియాల బాట పక్కన ఇలాంటివి నలభై ఉన్నాయి.

కిందికి చూశాను. ఆమె మొహం కూడా పువ్వంత తెల్లగా అయిపోయింది.

తాతయ్య టోపీ వెనక్కి నెట్టి, కళ్లు చికిలించి పైకి చూశాడు. “ఎండ పడుతోంది, సరిగ్గా ఆనట్లేదు. చెప్పండి. ఏం రంగు?”

నాలిక చివర సిద్ధంగానే ఉంది. రాగి, తాతగారూ, కొత్త బిందెలాంటి రాగి. ఎంత తేలిక! ముసలాయన పద్నాలుగేళ్ల ఆశ. ఎవరికి నష్టం? కానీ పది మొగ్గలు దోసిట్లో పట్టుకున్న ఆ చేతులు గుర్తొచ్చాయి. ఎవరికి నష్టమో ముందే తెలిసిపోతుందనుకునే ఆ ధైర్యం నాలో మిగల్లేదు.

“తెలుపండీ,” అన్నాను.

“రాగి రంగు తాతయ్యా,” అంది ఆమె.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. నేను నిచ్చెన మీద, ఆమె కింద, నోళ్లు తెరుచుకుని.

తాతయ్య ముందు భుజాలు కదిలించాడు. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత కుర్చీయే కదిలేంతగా నవ్వాడు. కళ్లు తుడుచుకున్నాడు.

“పిచ్చి మొహమా! పుట్టి బుద్ధెరిగాక నువ్వాడిన మొదటి అబద్ధం ఇది. గొంతు వణికిపోయింది. తెలుపని నాకు మాత్రం కనపడట్లేదా? చూపు మసకేగానీ గుడ్డివాణ్ణి కాను.” మళ్లీ పైకి చూశాడు. “పద్నాలుగేళ్లు! గుర్రం పుడుతుందని ఊరంతా చెప్పుకుని తిరిగితే గాడిద పుట్టింది. అయినా ఎంత దర్జాగా నిలబడిందో చూడు, సిగ్గులేని గాడిద!”

ఎంతసేపు చూశాడో. తర్వాత మెల్లగా అన్నాడు, “బాగుంది. చాలా బాగుంది.”

నేను దిగాను. ఆయన వేలితో దగ్గరికి రమ్మన్నాడు.

“ఏమయ్యా, నీ కోతల గురించి ఇంట్లో పది రోజులపాటు రోజూ విన్నాను. అన్నం తింటూ చెప్పి, తనలో తనే నవ్వుకునేది. ఆదివారం నుంచి నవ్వడం మానేసింది. నాకు నీమీద కోపమొచ్చింది మొగ్గలు పోయినందుకు కాదు, అది నవ్వడం మానేసినందుకు.”

“తాతయ్యా!” అంది ఆమె.

“నువ్వుండు. ఇంట్లో నిజం చెప్పేవాళ్లు ఒక్కరు చాలు అనుకునేవాణ్ణి. ఇవాళ చూస్తే, అవసరమైతే ఇద్దరూ పనులు మార్చుకునేలా ఉన్నారు. అలాంటి సంసారం పాడవదు. నాకు ఇష్టమే. మీ అమ్మని ఒకసారి ఇంటికి తీసుకురా, మాట్లాడుకుంటాం. ఇప్పుడు ఆ నిచ్చెన తీసి ఇద్దరూ ఇక్కణ్ణుంచి కదలండి. నా చెట్టుతో నేను ఒంటరిగా ఉండాలి.”

నిచ్చెన పొడుగ్గా ఉంటుంది. మొయ్యాలంటే ఇద్దరు కావాలి. ముందు కొస ఆమె పట్టుకుంది, వెనక కొస నేను. షెడ్డు దాకా నడవాలి. ఆమె వీపు తప్ప నాకేమీ కనిపించట్లేదు.

“ఆలోచించావా?” అంది ముందుకే చూస్తూ.

“దేని గురించి?”

“శనివారం నేనెందుకు ‘కాదు’ అనలేదో.”

“ఆలోచించాను. నేను అనుకున్నది నిజమేనా అని భయమేసి ఆపేశాను. నాకు నిజాల్లో అనుభవం లేదు కదా.”

రెండడుగులు నడిచింది. “నువ్వంటే ఇష్టం. అందుకని అనలేదు.”

నేను ఆగిపోయాను. నిచ్చెన ఆగింది. నిచ్చెనతోపాటు ఆమె కూడా టక్కున ఆగి, వెనక్కి ఊగింది.

“ఏమన్నావు?”

“ఒక్కసారే చెప్తాను.”

“నాకూ... అంటే, నేను కూడా... బండికి అద్దం ఉంది చూడు, అది అసలు వెనక బళ్లని చూడటానికి...”

“నాకు తెలుసు. బండెక్కిన రెండో రోజే తెలుసు. సూటిగా చెప్పు.”

“నువ్వంటే నాకు ప్రాణం,” అన్నాను. మైకు లేకుండా, కవిత్వం లేకుండా, అంత చిన్న గొంతుతో నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఆమె తన కొస కిందికి దించింది. నేను నా కొస దించాను. నిచ్చెన పక్కనుంచి నడుచుకుంటూ ఎదురెదురుగా వచ్చేసరికి, మధ్యలో ఎక్కడో కలిశాం. దగ్గర్నుంచి చూస్తే ఆమె ముక్కు జలుబుకి ఎర్రగా ఉంది. నాదీ అంతేనని చెప్పింది.

“దిద్దడానికేమైనా ఉందా?” అన్నాను.

“ఏమీ లేదు,” అని నా చెయ్యి పట్టుకుంది.

ఆఫీసు కిటికీ ధడాలున తెరుచుకుంది. సూపరింటెండెంట్ గారు, ఎండ మొహం మీద పడుతుండగా, తల బయటికి పెట్టి అరిచారు. “ఎవరది? ఆ నిచ్చెన దారికి అడ్డం! గేటు తెరిచే టైమైంది, తియ్యండి!”

“తీస్తున్నాం సార్!” అన్నాం ఇద్దరం ఒక్కసారే.

పావుగంట దాకా తియ్యలేదు.